సముద్రం కనవడే రూం

మక్తల్ నుంచి మహబూబ్‌నగర్ పోయే బస్సుల నా పక్కసీట్ల ఒకామె కూసున్నది. నాకంటే పదేండ్లు పెద్దది. ఫోను నా చేతుల పెట్టి, "బాపట్ల దిక్కు గీ బీచ్ హోటల్ల జర రూం బుక్ చెయ్యి చెల్లె. అగ్గువది గావాలె, సముద్రం కనవడాలె" అన్నది.

"ఎంతమందికి అక్కా?"

"నేనొక్కదాన్నే. రెండు దినాలు."

నిరుడు ఆమె మొగడు, అత్త, ఆడిబిడ్డ అదే హోటల్ల దిగిన్రట. బర్రెను ఎవరు పిండాలె అని ఈమెను ఇంట్లనే ఉంచిన్రట. వచ్చినంక గుప్పెడు గవ్వలు చేతుల పోసిన్రట.

రూం బుక్కయింది. రెండు దినాలకు గింత పెద్ద బ్యాగెందుకని అడిగిన.

"మా బర్రెకు నా చీరె వాసన రాకుంటే పాలియ్యది, తంతది. నేను తల్లిగారింటికి పోతే మా ఆయన నా చీరె కట్టుకొనే పిండుతడు." బ్యాగు మీద చెయ్యేసి గట్టిగ అదిమింది. "పదకొండు చీరెలు. మాసినయి గూడ ఇడిసిపెట్టలే. ఇగ పిండుమను."

ఆయన తన్నులు తిన్నడో లేదో నాకు తెల్వది. తినాలెనని మాత్రం బస్సు దిగకముందే మొక్కుకున్న.