ఎడమవైపు గడియ

నా చిన్నప్పుడు, ఐదో తరగతి చదివిన ఏడాది, ఇంట్లో ఉన్నంతసేపూ నా ఎడమచేతికి కట్టు ఉండేది. దెబ్బ తగిలి కాదు. మా అమ్మ తన పాత చున్నీ చింపి ఆ చేతిని నా నడుముకు కట్టేసేది. ఎందుకో చెప్పేముందు ఒక సంతోషం చెప్పేయాలి, కడుపులో దాచుకోవడం నా వల్ల కావడం లేదు. మొన్న నాకు డిగ్రీ పట్టా చేతికొచ్చింది! నాన్న వైపు చూసినా, అమ్మ వైపు చూసినా, డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషిని నేనే. మా చిన్నాన్నల పిల్లలకూ, మేనమామల పిల్లలకూ అందరికీ పెద్దక్కను కాబట్టి, ఆ పెద్దరికంతోనే ఈ సంగతి చెబుతున్నాను. నిజానికి అందరికంటే ముందు ఈ కబురు వినాల్సిన మనిషి ఒకరున్నారు. ఆమె ఇప్పుడు ఎక్కడుందో నాకు తెలియదు.

మా నాన్న నగరం శివార్లలో, పుప్పాలగూడలో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. పాలమూరు వైపు నుంచి వచ్చాం. మేముండేది సెల్లార్లో, జనరేటరు పక్క గదిలో. అమ్మ రాయదుర్గంలో ఒక ఆఫీసు టవరులో హౌస్‌కీపింగ్ చేసేది, ఆదివారాలు కూడా డ్యూటీ పడేది. నాన్న గేటు వదిలి కదలకూడదు. పై ఇళ్ళ పిల్లలు లిఫ్టు దిగి కార్లెక్కి మాల్స్‌కు వెళ్ళిపోయేవారు. కొందరు నాకు చెయ్యి ఊపేవారు కూడా. కార్లన్నీ వెళ్ళిపోయాక సెల్లార్లో ఖాళీ గళ్ళు మిగిలేవి, ఒక్కో గడిలో ఒక్కో నూనె మరక. ఆ మరకలకు నేను పేర్లు పెట్టుకున్నాను. ఒకటి తాబేలు, ఒకటి మా అమ్మమ్మ మొహం. మాట్లాడాలనిపిస్తే వాటితోనే. అప్పట్లో చుట్టుపక్కల ఇంకా బండలు పేల్చి పునాదులు తీస్తుండేవారు. ముందు ఈల, తర్వాత ధన్‌మని ఒక చప్పుడు, మా గది తలుపు గడగడలాడేది. ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దం ఆ చప్పుడు కంటే పెద్దదిగా అనిపించేది.

నాది పుట్టుకతో ఎడమచేతి వాటం. బువ్వకీ, బలపానికీ ముందు ఆ చెయ్యే వెళ్ళేది. బువ్వ సంగతి అమ్మ తొందరగానే మాన్పించింది. రాత దగ్గరే వచ్చింది చిక్కు. కుడిచేత్తో రాస్తే నా అక్షరాలు వరసలోంచి జారిపోయేవి, సగం జవాబులు రాసేసరికి గంట కొట్టేవారు. అర్ధ సంవత్సర పరీక్షల్లో అన్ని పేపర్లూ సగంలోనే ఆగిపోయాయి. ఈసారి కూడా ఇలాగే అయితే మళ్ళీ ఐదులోనే కూర్చోబెడతామని టీచరు చెప్పింది. మళ్ళీ ఐదంటే బడి బంద్ అనీ, ఊళ్ళో అమ్మమ్మ దగ్గర మేకల వెంట పోవాల్సిందేననీ నాన్న తేల్చేశాడు. తిట్టి చెప్పలేదు, అలసిపోయి చెప్పాడు. అందుకే అమ్మ ఇంకా గట్టిగా కట్టు కట్టింది. ఆ చెయ్యి అడ్డం రాకపోతే ఈ చెయ్యి నేర్చుకుంటుందని ఆమె ఆశ.

మూడో అంతస్తులో ఒక అక్క ఒంటరిగా ఉండేది. కడప వైపు మనిషి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆమెకు తుపాకీ కాల్చే ఆట ఉండేది. బోర్లా పడుకుని, చాలా దూరంలో పెట్టిన కాగితపు గుండ్రాల మీద గురి చూసి కాల్చే పోటీలు. మా నాన్న తోటి గార్డుతో నవ్వేవాడు, “సీమ మేడం గదా, బాంబులు బోర్ కొట్టి బందూకు వట్టినట్టున్నది” అని. ఒకసారి స్కూటీ ఆపి మరీ ఆమె జవాబిచ్చింది. “వినబడిందిలేన్నా! బాంబులు మా తాతల కాలంవి. మేము ఉత్త కాగితాలకే చిల్లులు పెడతాండాం.” నాన్న టోపీ సర్దుకుని గేటు తీశాడు. తుపాకీ మాత్రం ఎప్పుడూ ఇంటికి వచ్చేది కాదు, క్లబ్బులోనే తాళంలో ఉండేది. ఆమె ఇంటికి వచ్చేవాళ్ళు కూడా ఎవరూ లేరు. ఆదివారం పూట ఆమె బాల్కనీలో ఒకే ఒక్క కుర్చీ కనబడేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను స్తంభానికి ఆనుకుని, కట్టు కట్టిన చేతితో కూర్చుని, కుడిచేత్తో చూచిరాత రాస్తున్నాను. ఆ అక్క లిఫ్టులోంచి ఒక చాపా, ఒక పొడవాటి చెక్కా తీసుకుని దిగింది. ఆ చెక్క తుపాకీ ఆకారంలో కోసి ఉంది. చెంప ఆనే చోట స్పాంజి, దాని కింద అట్టముక్కల దొంతర, పక్కన మన తలుపులకు బిగించే ఇనుప గడియ. ఇంట్లో అంత పొడుగు చోటు లేదట. చాప పరిచి, బోర్లా పడుకుని, చెక్కను భుజానికి ఆనించుకుని, గోడ మీద పార్కింగు నంబరు వైపు గురిపెట్టింది. నాకు నవ్వాగలేదు.

“నవ్వు పాపా, నవ్వు. నవ్వినాక ఒక పని చేసిపెట్టు. నా చెంప చూస్తా ఉండు. చెక్క మీంచి లేస్తే ‘లేచింది’ అను. అంతే.”

ఆమె తన కోసమే ప్రత్యేకంగా ఒక రైఫిల్ చేయించుకుంటోంది. అనుమతులన్నీ వచ్చాయి, ఇక ఏ భాగం ఎలాంటిది కావాలో చెప్పడమే మిగిలింది. ఆ మధ్యాహ్నం ఆమె నాతో అదంతా మాట్లాడింది, నాకు అర్థమవుతుందా లేదా అని చూసుకోకుండా. బహుశా ఆమెకూ మాట్లాడే మనిషి దొరకక చాలా రోజులై ఉంటుంది. గొట్టం బరువైనది కావాలట, మోయడం కష్టమైనా కదలకుండా ఉంటుంది. మీట మెత్తగా నొక్కితే పలకాలట. అందరూ ముందు దూరం చూపించే దుర్భిణి కొనేస్తారనీ, తను మాత్రం దాన్ని చివరికి వదిలేశాననీ చెప్పింది. ఒళ్ళు చెక్కకు సరిగ్గా ఆనకపోతే ఎంత మంచి అద్దమైనా వణికే చూపిస్తుందట. అందుకే ఈ ఉత్తుత్తి చెక్క. అట్టముక్కలు పెంచి, తగ్గించి, తన మెడకు ఎంత ఎత్తు సుఖమో చూసుకుంటోంది.

అన్నీ తేలాయి, ఒక్కటి తప్ప. గడియ ఎటువైపు ఉండాలి?

ఒక గుండు పేలాక ఖాళీ తూటా బయటికి లాగి, ఇంకొకటి లోపలికి తోయాలంటే ఆ గడియ తీసి వేయాలి, ప్రతిసారీ. మామూలుగా అది కుడివైపే వస్తుంది. అక్క చెక్కను ఎడమ భుజానికి ఆనించుకుంది. ఎడమచేతిని చెక్క మీదుగా అవతలికి చాచి గడియ లాగింది. చెంప లేచింది. “లేచింది” అన్నాను. మళ్ళీ సర్దుకుంది, మళ్ళీ లాగింది. “లేచింది.” చాలాసార్లు చేసింది, చాలాసార్లు అన్నాను. ఆఖరికి లేచి కూర్చుని, స్క్రూడ్రైవరుతో గడియ విప్పి ఎడమవైపు బిగించింది. మళ్ళీ పడుకుంది. గడియ తీసింది, వేసింది. నేను నోరు తెరుచుకుని చూస్తూనే ఉన్నాను. చెంప చెక్కకు అతికించినట్టే ఉండిపోయింది.

“చెప్పవేం పాపా?”

“లేస్తలేదు మేడం.”

చెంప ఎత్తకుండానే ఆమె చెప్పుకుపోయింది. ఎడమవైపు గడియ అంటే చాలా నెలలు ఆగాలట, రేపు అమ్ముదామన్నా కొనేవాళ్ళుండరట. ఇన్నేళ్ళు అలవాటైందిగా, ఇంకాస్త సర్దుకో అని క్లబ్బులో అందరూ అన్నారట. “నాకు నిలకడ లేదనుకున్నా పాపా, ఇన్నేళ్ళూ. నా ఒంట్లోనే ఏదో తప్పు ఉందనుకున్నా” అంది, నాతో కాదు, చాపతో అన్నట్టు. అప్పుడు తల తిప్పి నా నడుముకున్న చున్నీ చూసింది. ఒక చిన్న విద్య చూపిస్తానంది, దానికి రెండు చేతులూ కావాలంది.

“అమ్మ కొడ్తది.”

“మీయమ్మ వచ్చేలోపల మళ్ళా నేనే కడతాలే.”

సెల్లారు వాలు ఎక్కి గేటు దాకా నడిచాం. రెండు అరచేతులూ కలిపి మధ్యలో చిన్న సందు వదిలి, ఆ సందులోంచి దూరంగా కడుతున్న టవరు మీది క్రేనును చూడమంది. చూశాను. ఇప్పుడు ఎడమకన్ను మూయమంది. క్రేను మాయమైపోయింది! కుడికన్ను మూసి ఎడమది తెరిస్తే మళ్ళీ అక్కడే ఉంది. నాకు అది గారడీలా అనిపించింది. మనకు రెండు కళ్ళున్నా గురి చూసే కన్ను ఒకటే ఉంటుందట. తనకూ ఎడమదేనంది. నేను తన జట్టేనంది. అంతవరకు నన్ను ఏ జట్టులోనూ ఎవరూ వేసుకోలేదు.

కిందికి వచ్చాక నా చూచిరాత పుస్తకం ముందు పెట్టి, ఇష్టమొచ్చిన చేత్తో రాయమంది. రాశాను. పేజీ ఎప్పుడు నిండిందో తెలియలేదు. ఆ పరవశంలో అమ్మ వచ్చిన సంగతి కూడా ఇద్దరం చూసుకోలేదు.

“గిదేంది? కట్టు ఎవలిప్పిండ్రు?”

“నేనేలేక్కా” అంటూ ఆమె లేచింది. తనదీ ఎడమచెయ్యే అనీ, వాళ్ళమ్మ అయితే ఆ చేతికి వాతే పెట్టిందనీ చెప్పింది. అమ్మ మెత్తబడలేదు. “మీరు పెద్దోళ్ళు మేడం, మీది నడుస్తది. నా బిడ్డ ఎడమచేత్తోని రాస్తే నలుగురు నవ్వుతరు. చదువులతల్లికి కోపమొస్తది” అంది. అక్క ఇంకోసారి పడుకుని గడియ రెండు వైపులా బిగించి చూపించింది. అమ్మ టిఫిన్ డబ్బా చంకలో పెట్టుకుని, విసుగ్గా మొదలుపెట్టి, నెమ్మదిగా వంగి చూసింది. ఎడమవైపు గడియను తనే ఒకసారి లాగింది కూడా.

గడియ వదిలి అమ్మ అంది: “మా పెద్దమ్మకు కూడ గిట్లనే ఉండె. మామూలు కొడవలితోని కోస్తే గడ్డి తెగకపోతుండె, కోతల ఆమె మునుం వరస ఎనకవడేది. అందరు మొద్దుది అంటుండ్రి. ఇగ కమ్మరాయన ఆమెకని పండ్లు ఇటు దిక్కు తిప్పి ఎడమ కొడవలి చేసిచ్చిండు. అటెన్క ఆమెను అందుకున్నోళ్ళు లేరు.”

అమ్మ ఆ చున్నీ పీలికను మడిచి టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుంది. “తినేది, ఇచ్చేది, దేవునికి పెట్టేది కుడిచెయ్యి. రాసుడు నీ ఇష్టం” అంది నాతో. అంతే తీర్పు. మర్నాడు డ్యూటీకి ఆలస్యమైనా బడికి వచ్చి, టీచరుకు కొడవలి కథ మొదటి నుంచి చెప్పింది. టీచరు ముందు నవ్వింది, తర్వాత నన్ను బెంచీలో ఎడమ చివరికి మార్చింది, పక్కపిల్ల మోచెయ్యి తగలకుండా. ఆ ఏడాది అన్ని పేపర్లూ గంట కొట్టకముందే పూర్తి చేశాను. మేకల మాట మా ఇంట్లో మళ్ళీ రాలేదు.

ఆ వేసవిలోనే అక్కకు వేరే ఊరికి బదిలీ అయింది. ఎడమవైపు గడియతో ఆమె రైఫిల్ అప్పటికింకా రాలేదు. సామాను లారీ ఎక్కుతుంటే నేను స్తంభం దగ్గరే నిలబడ్డాను. ఆమె వచ్చి రెండు అరచేతుల సందులోంచి ఒక కన్నుతో నన్ను చూసి నవ్వింది. లారీ వెళ్ళాక చూస్తే, ఆమె స్కూటీ పెట్టుకునే గడిలో కొత్త మరక కూడా లేదు. ఉత్తుత్తి చెక్క నాకే వదిలేసింది. నాన్న దాని గడియ ఊడదీసి మా గది తలుపుకు బిగించాడు. ఆ ఇల్లు ఖాళీ చేసేదాకా రోజూ దాన్ని తీసి లోపలికి వెళ్ళేదాన్ని, చాలాసార్లు ఎవరూ లేని గదిలోకి.

ఆ రైఫిల్ వచ్చిందో లేదో, ఆమె గురి కుదిరిందో లేదో నాకు తెలియదు. తెలుసుకోవాలని ఉంది. కాలేజీలో కుర్చీలకు రాసుకునే పలక కుడివైపే ఉండేది. మొదటి పరీక్షలో ఒళ్ళంతా తిప్పుకుని రాస్తుంటే నాలో ఎవరో ‘లేచింది’ అన్నారు. చెయ్యెత్తి వేరే బల్ల అడిగాను. అప్పటి నుంచీ ప్రతి పరీక్షకూ అడిగాను. ఏదైనా పని నాకు చేతకావడం లేదనిపిస్తే, నన్ను నేను తిట్టుకునేముందు గడియ ఎటువైపు ఉందో చూసుకుంటాను.

మొన్న పట్టా ఇచ్చేటప్పుడు అమ్మ ముందు వరసలో కూర్చుని ఉంది. అందుకే కుడిచెయ్యి చాచి తీసుకున్నాను. పక్క బల్ల మీద సంతకం పెట్టమన్నారు. పెన్ను ఎడమచేతిలోకి మార్చుకుని, వంగి, నా పూర్తి పేరు చివరి అక్షరం దాకా రాశాను. తల ఒక్కసారి కూడా ఎత్తలేదు, నాలో ఎవరూ ‘లేచింది’ అనలేదు.