డాక్టరు ముందు దగ్గని తాత

బెంగళూరులో మొదటి ఉద్యోగం దొరికిన ఆ రోజుల్లో, ఫోన్‌లో పట్టనిదేదీ లోకంలో లేదని నా గట్టి నమ్మకం (ఇప్పుడు ఈ ముక్కలు కూడా ఫోన్‌లోనే కొడుతున్నాననుకోండి). ఫోన్‌లోకి దగ్గితే చాలు, ఊపిరితిత్తులు పాడయ్యాయో లేదో చెప్పే యంత్రాన్ని మా కంపెనీ కనిపెట్టింది. దానికి పెట్టుబడి దొరక్కపోతే నెలాఖరుకి మా ఉద్యోగాలు ఊడతాయి. అందుకని మా బాసు కోలారు జిల్లా ఫ్యాక్టరీల యజమానులనూ, బజారు పెద్దలనూ కేజీఎఫ్‌లో ఒక హాలుకి పిలిచాడు. బిర్యానీ ఉందనగానే వైద్య పరిశోధన మీద వాళ్లకి ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో!

దగ్గి చూపించడానికి మా తాతను తెచ్చింది నేనే. బంగారు గనిలో జీవితమంతా రాయి తొలిచినవాడు. ఆయన దగ్గితే వీధి చివర కుక్కలు లేస్తాయి. అలాంటివాడు, వేదిక మీద మా కంపెనీ డాక్టరు తెల్లకోటు చూడగానే నిటారుగా నిలబడి రొమ్ము విరిచాడు.

"దగ్గా? నాకు యాడుండాది సార్! గట్టిగా ఉండాను."

"తాతా, దగ్గు!" అని కింద నుంచి పళ్లు కొరికాను. ఆయన మొహం కందిపోయింది, కళ్లలో నీళ్లు తిరిగాయి, దగ్గు మాత్రం రాలేదు. ఫోన్‌కి దగ్గు వినపడకపోయేసరికి తెర మీద పచ్చలైటు వెలిగింది: ఆరోగ్యవంతుడు.

పక్కకు లాక్కొచ్చి మండిపడ్డాను. "నా ఉద్యోగం తీసేస్తావా?"

"నేనేం చేసేదిరా? డాక్టరు ముందర దగ్గినోళ్లనంతా గనిలోంచి తీసి పైన పనికి ఏసేస్తా ఉండిరి, జీతం కోసేస్తా ఉండిరి. ఊపిరి బిగబట్టే కదరా మీ నాయన్ని చదివించినాను! ఇంగ ఆ కోటు చూస్తే దగ్గు రాదు" అన్నాడు. అని, అప్పుడు తీరిగ్గా దగ్గడం మొదలుపెట్టాడు. హాలు అదిరింది. ప్లేట్లు పట్టుకున్న పెద్దలంతా తిరిగి చూశారు. అయిపోయింది, అనుకున్నాను.

ఒక రాళ్ల క్వారీ యజమాని మా బాసు భుజం తట్టాడు. "ఈయప్పకేనా పచ్చలైటు పడింది? మంచి మిషినప్పా! మాకు ఇట్లాదే కావాల. దగ్గినోడికల్లా లీవిచ్చి విసిగిపోయినాను."

అందరూ నవ్వారు. మా బాసు కూడా, సిగ్గులేకుండా. బిర్యానీ చేతులు కడుక్కోకుండానే పెట్టుబడికి ఒప్పుకున్నారు. నేను అక్కడే నిలబడి ఫోన్‌లో రాజీనామా కొట్టి బాసుకి పంపేశాను.

బస్సులో తాత నెమ్మదిగా అడిగాడు: "నీ ఉద్యోగం నిలిచిందా అప్పా?"

ఊపిరి బిగబట్టి, "నిలిచింది తాతా" అన్నాను. తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అంత వేడిగా రాజీనామా కొట్టిన వీరుడు, తాత ముందు మాత్రం దగ్గలేకపోయాడు.