సదానందం బావకు నేను కట్టిన స్టేజీ

నా ఈ రెండు చేతులతో ఒక మనిషి కొంప ఎలా ముంచానో చెబుతాను. విన్నాక నన్ను తిట్టాలనిపిస్తే వరుసలో నిలబడాలి. ముందు మా అక్క ఉంది, ఆమెది ఇంకా అయిపోలేదు.

మాది మట్టెవాడలో టెంట్ హౌస్. నా అంత తెలివైనవాడు వరంగల్‌లో లేడని నేను గట్టిగా నమ్మిన రోజులవి. మా అక్క భర్త సదానందం బావ పవర్‌లూమ్ నడిపేవాడు. నడుముకు దెబ్బ తగిలి కాళ్లు పడిపోయాక వీల్ చెయిర్‌లోనే ఉంటున్నాడు. ఆయన బిడ్డ శిరీష ఫుట్‌బాల్ ఆడుతుంది. ఆ పిల్ల ఆట ఒక్కటి కూడా బావ సరిగ్గా చూడలేదు. స్టేడియం గ్యాలరీకి అన్నీ మెట్లే. గేటు పక్కన కుర్చీ ఆపితే ముందర జనం నిలబడేవాళ్లు.

"బిడ్డ ఆడుతాంటే నేను మంది వీపులు చూసి వస్తాన్న, బామ్మర్దీ," అనేవాడు.

ఆ ఏడు శిరీష ఆడే ఫైనల్‌కు వీల్ చెయిర్ వాళ్ల కోసం ఒక ఎత్తయిన అరుగు, ఎక్కడానికి ర్యాంపు కావాలని స్టేడియం వాళ్లు నాకే చెప్పారు. ప్రాణం పెట్టి కట్టాను. ర్యాంపు వాలు తగ్గించాను. కూర్చున్నవాళ్ల కంటికి అడ్డం రాకుండా రెయిలింగ్ కిందికి దించాను. ముందురోజు బావను ఎక్కిస్తే కళ్లు తుడుచుకున్నాడు.

"రెండు గోల్‌పోస్టులూ కనబడుతానయ్‌రా!"

అక్కడితో ఆగితే నేనూ మనిషినే. టెంట్ హౌస్ వాడి చెయ్యి ఊరుకుంటుందా? ఎర్ర కార్పెట్ పరిచాను. చుట్టూ కుచ్చుల గుడ్డ కట్టాను. బంతిపూల దండలు వేలాడదీశాను. దుకాణంలో ఖాళీగా ఉందని మైకు కూడా తెచ్చి పెట్టాను. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. నేను గ్యాలరీ కట్టబోతే పెళ్లి మండపమైంది.

మ్యాచ్ రెండో సగంలోకి వచ్చింది. ఇంకా ఎవరూ గోల్ కొట్టలేదు. బావ రెయిలింగ్ పట్టుకుని ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. అప్పుడు దిగారు చీఫ్ గెస్టుగారు. అవతల ఆయన కోసం వేసిన అసలు స్టేజీని చూశారు, మెట్లున్నాయి. నాది చూశారు.

"ఇదే మంచిగున్నది. మోకాళ్ల నొప్పులున్నోనికి మెట్ల బాధ లేదు."

'ఇది స్టేజీ కాదు సార్' అని ఒక్క మాట అనాల్సింది. నేనేమన్నానో తెలుసా? "రాండ్రి సార్, రాండ్రి!"

ఆయన వెనకే పదిమంది ఎక్కారు. గెస్టుగారు గ్యాలరీ వైపు తిరిగి మైకు అందుకుని, "ముందుగాల మన దివ్యాంగ అభిమానికి సన్మానం!" అన్నారు.

"ఇప్పుడొద్దు సార్, జర ఆట అయిపోనియ్యుండ్రి," అని బావ చేతులు జోడించాడు.

"నాకింకో ఫంక్షన్ ఉన్నదయ్యా."

గ్యాలరీ మెట్ల మీది నుంచి ఫోటోగ్రాఫర్ అరిచాడు. "అన్నా, ఆయన మొఖం ఇటు తిప్పు!"

"తిప్పకురా!" అన్నాడు బావ. "కార్నర్ దొరికింది. శిరీష గోల్ ముందల్నే ఉన్నది!"

"ఒక్క నిమిషం బావా. పెద్దమనిషికి వీపు చూపెడితే ఏం మర్యాద?"

తిప్పాను. ఫోటో చెదరకూడదని బ్రేకులు కూడా వేశాను. నా తెలివి అంతటిది.

మెడలో దండ పడింది, భుజాల మీద శాలువా పడింది. అంతలో ఎదురుగా గ్యాలరీ మొత్తం ఎగిరి కేకలు వేసింది. దండ ముక్కుదాకా ఉంది, బావకు మెడ తిరగలేదు.

"గోలా? ఎవలు కొట్టిండ్రురా?"

నేనూ చూడలేదు. ఫోటోలో పడాలని పళ్లికిలించి నిలబడ్డాను. జనం అరుస్తున్న పేరు విని చెప్పాను.

"శిరీష, బావా."

ఆ తర్వాత ఇంకో గోల్ పడలేదు. పడితే నా పాపం కొంచెమైనా కడిగేదని నేను మొక్కని దేవుడు లేడు. ఇంటిదాకా కుర్చీ తోస్తూ ఏడుపు ఆపుకున్నాను. గుమ్మం దగ్గర బావ మెల్లగా అన్నాడు.

"ఇన్నేండ్లు నేను మంది వీపులు చూసిన. ఇయ్యాల నా వీపన్న మ్యాచ్ చూస్తదనుకుంటే, దానికీ శాలువా కప్పితిరి కదరా."

అందుకే సమ్మక్క సారలమ్మల మీద ఒట్టు. కుర్చీలో ఉన్న మనిషి తిప్పమనకుండా ఇక ఆ కుర్చీ పిడి ముట్టను. ముట్టితే మేడారంలో ఆ తల్లులకు నా ఎత్తు బెల్లం తూచి ఇస్తాను. నా పొట్ట చూసినవాళ్లెవరైనా చెబుతారు, ఈ ఒట్టు తప్పే స్తోమత నాకు లేదు.