సర్వర్ నోటీసు అడిగే సార్

మా కంప్యూటర్ ల్యాబ్ సార్ పోయారన్న కబురు మొన్న పాత విద్యార్థుల గ్రూపులో వచ్చింది. అందరూ దండం బొమ్మలు పెట్టారే తప్ప, అంత్యక్రియలు ఎక్కడ, ఎప్పుడు అని ఒక్కరూ రాయలేదు. విసిగిపోయి నలుగురికి ఫోన్ చేసి కనుక్కునేసరికి హనుమకొండలో అన్నీ అయిపోయాయి. కడసారి చూపు దక్కలేదు.

నిజం చెప్పాలంటే, ఉన్నన్నాళ్లూ ఆయన మా ప్రాణాలు తోడేశారు. వివరాలన్నీ దాచిపెట్టే డేటాబేస్ సర్వర్ పని చేస్తూ చిన్న చిన్న నోటీసులు పంపుతుంది. అవి తప్పులు కావు కనుక పేజీ ఆగదు, మనం అడిగి తెప్పించుకుంటే తప్ప కనబడవు. వెబ్ పేజీ కోసం మేము పీహెచ్‌పీలో రాసిన ప్రోగ్రాం ఎంత బాగా నడిచినా, ఆ చివరి నోటీసును తెచ్చి పేజీ అడుగున చూపించే లైను లేకపోతే సార్ ల్యాబ్ రికార్డు మూసి వెనక్కి తోసేవారు.

"ఎర్రర్ ఏం రాలే సార్" అనేవాణ్ణి.

"ఎర్రర్ అయితే అదే లొల్లి చేస్తది. మెల్లగ చెప్పేదాన్ని మనమే అడగాలె."

చదువైపోయి అదే కాలేజీలో వెబ్‌సైట్ చూసే ఉద్యోగంలో చేరాక, ఇక ఈ చాదస్తం నాకెందుకని ఆ లైను మానేశాను. ఆ ఏడాది హాల్‌టికెట్ల కోసం డేటాబేస్‌లో కొత్త టేబుల్, అంటే కొత్త జాబితా, పెట్టమని సర్వర్‌కు చెప్పాను. ఆ పేరుతో ఒకటి ఇప్పటికే ఉంది, వదిలేస్తున్నానని సర్వర్ నోటీసులో చెప్పింది. నేను అడిగితే కదా తెలిసేది. కొత్త జాబితా పోయిన ఏటి జాబితాలోనే చేరింది. ఒకచోట కొత్త హాల్‌టికెట్ నంబరు, పాతది ఒకటే అయ్యి, దాని మీద పాత పేరే మిగిలింది.

పరీక్ష రోజు పొద్దున, పాలకుర్తి నుంచి వచ్చిన ఒక అమ్మాయి సెంటర్ గేటు దగ్గర నుంచి ఫోన్ చేసింది. తన నంబరు మీద ఎవరో అబ్బాయి పేరుందని, లోపలికి రానివ్వడం లేదని ఏడుస్తోంది. ల్యాబ్‌లో ఉన్న సార్ దగ్గరికి పరుగెత్తాను. సారే వచ్చి నా కుర్చీ లాక్కుని పేరు సరిచేసి, ప్రింటు తీసి, ప్రిన్సిపాల్ సంతకం పెట్టించి, నన్ను స్కూటర్ ఎక్కించుకున్నారు. గేటు మూసే ముందు అమ్మాయి లోపలికి పోయింది.

తిట్ల కోసం ఎదురుచూశాను. తిడితే బాగుండేది. ఆయన ఆ గేటు దగ్గర నుంచి కదలలేదు. ఎండ మండిపోతోంది, టిఫినైనా తినలేదు, పోదాం రండి సార్ అని బతిమాలి బతిమాలి నాకే విసుగొచ్చింది.

"మనం ఆ పిల్లను ఆగం జేసినం. ఎట్ల రాసిందో తెల్వకుండ ఎట్ల పోతం?"

తప్పంతా నాది. ఆయన మనం అన్నారు. తప్పు నాదేనని ఇన్నేళ్లలో ఆయనతో ఒక్కసారీ అనలేదు నేను.

మూడు గంటలు, హెల్మెట్ కూడా తీయకుండా గేటు వైపే చూస్తూ నిలబడ్డారు. బెల్లు కొట్టగానే, బయటికి వస్తున్న గుంపులో ఆ అమ్మాయిని వెతుక్కుంటూ నాకంటే ముందు ఆయనే నడిచారు.