బతుకమ్మ పాటకు నేను చేసిన రిపేరు

బతుకమ్మ ఆడుతున్న ఆడవాళ్లందరినీ ఒక్క బటన్ నొక్కి నిలబెట్టేసిన ఘనుణ్ని మీరెక్కడా చూసి ఉండరు. ఇదిగో, నేనే. పగలంతా హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ తప్పులు పట్టే ఉద్యోగం, ఇంటికొస్తే రికార్డింగ్ పిచ్చి. ఆ రెండూ ఒకే బుర్రలో దూరితే జరిగే ఘోరం ఏమిటో చెబుతాను, వినండి.

అప్పట్లో ఖాజాగూడలో ఒక ఇంటి పైవాటాలో అద్దెకుండేవాళ్లం. మా ఓనరు సుగుణమ్మగారు పుట్టి పెరిగింది అక్కడే. ఏటా బతుకమ్మకు పాట ఎత్తుకునేది ఆవిడే. ఆ ఏడు సరిగ్గా పండగ ముందు ఆవిడ గొంతుకు ఆపరేషన్ పడింది. పండగనాడు పాడడం కాదు కదా, మాట్లాడడమే తగ్గించాలన్నాడు డాక్టరు.

"నా పాట జర పట్టిపెట్టు బిడ్డా. నేను పాడకుంటె వీళ్లు ఎట్ల ఆడుతరు?" అంది.

నాకంతకన్నా ఏం కావాలి? ఆడియో ఇంటర్‌ఫేస్ దుమ్ము దులిపాను. అంటే మైకులకీ కంప్యూటర్‌కీ మధ్య ఉండే పెట్టె. గొంతులు కలిసిపోకుండా సుగుణమ్మగారిని బెడ్‌రూమ్‌లో ఒక మైకు ముందు, ఆవిడ కోడలు రజితనూ చుట్టుపక్కల ఆడవాళ్లనూ హాల్లో రెండో మైకు ముందు కూర్చోబెట్టాను. ఒకరికొకరు వినబడేలా తలుపు మాత్రం ఓరగా తెరిచి ఉంచాను. రికార్డు బటన్ నొక్కి, ఆఫీసు మీటింగ్ ఉందని బాల్కనీలోకి పోయాను. పాట అక్కడ, నేను ఇక్కడ. నా దరిద్రమంతా అక్కడే మొదలైంది.

మర్నాడు ఆవిడ ఆసుపత్రిలో చేరింది. నేను పాట తెరిచాను. సుగుణమ్మగారు ఒక చరణం పాడుతోంది, రెండో మైకులో అదే చరణం ఆవిడ ముగించాక వస్తోంది. ప్రతి చరణానికీ అదే వరస. మాది కాకినాడ. అప్పటిదాకా బతుకమ్మను ఫోన్‌లో, అదీ సౌండ్ ఆపేసి చూసినవాణ్ని. వెంటనే తేల్చేశాను, ఇది లేటెన్సీ అని. పాడిన గొంతు కంప్యూటర్‌కు ఆలస్యంగా చేరే జబ్బు అది. మామూలుగా ఆ ఆలస్యం కనురెప్పపాటు కూడా ఉండదు. నా పెట్టెకు మాత్రం జబ్బు బాగా ముదిరిందనుకున్నాను.

పెట్టెను నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసి మళ్లీ వేశాను. శబ్దాన్ని కాసేపు ఆపి ఉంచే బఫర్ సైజు తగ్గించాను, కేబుళ్లు మార్చాను. ఒకసారి పెట్టెను బోర్లించి కూడా చూశాను, ఎందుకో అడక్కండి. నా తిప్పలు చూడలేక మా ఆవిడ, కింద రజిత ఉంది కదా, ఆమెకు వినిపించమంది.

"రజితకు బఫర్ సైజు తెలుసా?" అన్నాను.

"మీకు బతుకమ్మ తెలుసా?" అంది.

సాంకేతిక చర్చలో ఇలాంటి అడ్డు ప్రశ్నలకు జవాబివ్వడం నా అలవాటు కాదు. రెండో మైకు గొంతులను ముందుకు జరిపి, సుగుణమ్మగారి గొంతు మీద అతికించాను. దాంతో చరణానికీ చరణానికీ మధ్య బోలెడు ఖాళీ మిగిలింది. అదీ జబ్బేనని కత్తిరించి పారేశాను. పనికిమాలిన పాత ఫైలు ఎందుకని డిలీట్ చేశాను.

పండగ వచ్చింది. పువ్వులు పేర్చి మధ్యలో పెట్టి, ఆడవాళ్లు చుట్టూ నిలబడ్డారు. సుగుణమ్మగారు మెడకు గుడ్డ చుట్టుకుని, పెదవి విప్పకుండా వాళ్లలో నిలబడింది. నేను కాలరెగరేసి బటన్ నొక్కాను.

వీళ్లు చరణం అందుకుందామని నోరు తెరిచేలోపు స్పీకర్ దాన్ని తనే అనేసి తర్వాతిదాంట్లోకి దూకింది. మళ్లీ నోళ్లు తెరిచారు, మళ్లీ దూకింది. చప్పట్లు తప్పాయి, అడుగులు తప్పాయి, ఒక ముసలావిడ ఇంకొకావిడ కాలు తొక్కింది. వలయం ఒక చుట్టు తిరిగేలోపే పాట అయిపోయింది.

"అన్నా, మా అత్త ఊపిరి ఎప్పుడు తీస్కున్నది?" అంది రజిత. "రికార్డింగ్ ఖరాబైందా?"

"లేదమ్మా, బాగు చేశాను."

"బాగు చెయ్యకముందుది పెట్టు మరి."

దాన్ని డిలీట్ చేశానని చెప్పాక ఎవరూ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను. చివరికి రజితే పాట ఎత్తుకుంది, మిగతావాళ్లు ఆమె ఒక్కో చరణం ముగించేదాకా ఆగి, మళ్లీ అదే చరణం అందుకున్నారు. అప్పుడర్థమైంది నా పెట్టెకు ఏ జబ్బూ లేదని.

సుగుణమ్మగారు మెల్లగా నా దగ్గరికి వచ్చింది. డాక్టరు ఆవిడకు రోజుకు కొన్ని మాటలే ఇచ్చాడు. ఆ రోజు వాటా మొత్తం గుసగుసగా నా చెవిలోనే ఖర్చు పెట్టింది.

"గిది పాట బిడ్డా, మీ ఆఫీసు మీటింగు గాదు. ఒకలు అంటుంటె మిగిలినోళ్లు ఇనాలె."

అందుకే ఆ పెట్టె మీద చెయ్యి వేసి, సర్వజన సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. పాడేవాళ్లను అడగకుండా ఇకమీదట ఏ పాటనూ బాగు చేయను. మనుషులు ఒకరి మాట ఒకరు వినడానికి ఆగిన చోట కత్తెర పెట్టను.