గాట్ల బండ

కొత్త ఇంటి బాత్రూముకు టైల్స్ చూద్దామని మొన్న మార్కాపురం పోయినా. దుకాణం వెనకాల ఎవరో రాయి కోస్తున్నారు. తడిసిన రాతిపొడి వాసన వచ్చింది. నాయన చొక్కాకు ఎప్పుడూ ఉండే వాసనే.

నాయన రాతి పలకల పని చేసేవాడు. పెరట్లో మేం నీళ్లు పోసుకునే బండను ఆయనే ఇసక చల్లి, వారం రోజులు రుద్ది అద్దం మాదిరి చేసినాడు. చూసినోళ్లంతా మెచ్చుకున్నారు. దాని మీదనే అవ్వ జారి పడింది. ఆమెను ఆస్పత్రికి తీసుకపోతా నన్ను తర్లుపాడులో పిన్నమ్మ దగ్గర వదిలినారు.

పదిహేను దినాలకు ఇంటికొచ్చినా. నాయన గుండు తలతో కూర్చొని ఆ బండ మీద ఉలితో గాట్లు పెడతా ఉన్నాడు. అవ్వకు నయమైనందుకు మొక్కు తీర్చుకొని వచ్చినాడనుకున్నా.

"అవ్వ ఎప్పుడొస్తది నాయనా?"

ఆయన చెంబుతో బండ మీద నీళ్లు పోసినాడు.

"ఎక్కి నిలబడు. జారతదేమో చూడు."

ఎక్కినా. "జారట్లేదు. అవ్వ ఇంక పడదులే," అన్నా.

"ఇంకోసారి చూడు," అన్నాడు. నేను దిగినాక మళ్లీ ఉలి అందుకున్నాడు. చీకటి పడేదాకా కొడతానే ఉన్నాడు. అమ్మ అన్నానికి పిలవలేదు.

తల్లి పోతే కొడుకు గుండు చేయించుకుంటాడని నాకు తెలిసేసరికి ఇంకో రెండేళ్లు పట్టింది.

"ఇది తీసుకోన్నా, భలే మెరుస్తది," అన్నాడు దుకాణమాయన.

గరుకుది చూపించమన్నా. చెప్పులిప్పి దాని మీద నిలబడినా.

"కొంచెం నీళ్లు పోయన్నా," అన్నా.