అత్త సర్దిన గదులు

నిన్న పొద్దున పోస్టులో ఒక పత్రిక వచ్చింది. ఇళ్ల అలంకరణ మీద వేసిన ప్రత్యేక సంచిక. అందులో నేను చేసిన ఇళ్ల ఫొటోలు కొన్ని వేశారు. ఆ మధ్య విశాఖపట్నంలో మా ఇంటికి వచ్చిన విలేఖరి అమ్మాయి చాలాసేపు కూర్చుని, పరదాల గురించీ పాలరాళ్ల గురించీ అడిగి, చివర్లో "మీ స్ఫూర్తి ఏమిటి మేడమ్?" అంది. నేను కాస్త ఆలోచించి "కోపం" అన్నాను. ఆ పిల్ల నవ్వింది. నేను హాస్యమాడుతున్నానని అనుకుంది కాబోలు. నిన్న చూద్దును కదా, అచ్చులో "ఆమెకు స్ఫూర్తి ప్రకృతి" అని ఉంది. పక్కన నా నవ్వు మొహం, నా వెనక ఒక మనీప్లాంటు. అదీ నాది కాదు. ఫొటో తీసే అబ్బాయి కిందింటివాళ్లని అడిగి తెచ్చి పెట్టాడు. చేతిలో కాఫీ చల్లారింది గాని నేను చల్లారలేదు. ఆ అమ్మాయి రాసుకోనిది నేనే రాసుకుందామని కూర్చున్నాను.

మా ఇల్లు రాజాంలో ఉండేది. నాన్నది గోగునార వ్యాపారం. వీధి వైపు కొట్టు, దాని వెనక గిడ్డంగి, ఆ వెనక మేము. రైలుపెట్టెలాగా పొడుగ్గా సాగిపోయే ఇల్లు. వీధి గుమ్మంలో నిలబడి పిలిస్తే నూతి దగ్గర ఉన్నవాళ్లకి వినపడేది కాదు. అంత ఇంట్లో మా అత్తకి చోటు లేదు. అత్త అంటే నాన్నకి సొంత అప్ప, అంటే అక్క. ఆమె అత్తవారిది నౌపడ. మావయ్య రైల్వే పనికని ఖరగ్‌పూర్ వెళ్లి, మొదట్లో ఈమెనీ తీసుకెళ్లి, తర్వాత అక్కడే ఇంకొకావిడతో కాపురం పెట్టి, ఈమెని ఒక ట్రంకుపెట్టెతో సహా వెనక్కి పంపించేశాడు. అరవైల చివర నేను హైస్కూల్లో ఉన్నప్పుడు ఆ పెట్టె మా ఇంట్లో దిగింది. పాపం, ఉండనివ్వండి అన్నారు అందరూ. ఎక్కడ ఉండాలో ఎవరూ చెప్పలేదు. చివరికి నాన్న గిడ్డంగి పక్కన ఉన్న నార గది చూపించాడు.

నార వాసన తెలిసినవాళ్లకి ఆ గది గురించి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్లకి చెప్పినా ప్రయోజనం లేదు. చెరువులో నానబెట్టి తీసిన నార ఆరిపోయినా దాని కుళ్లు వాసన గోడలకి పట్టేస్తుంది. పైగా ఆ గదికి కిటికీ లేదు. కిటికీ పెట్టించమని అత్త అడిగితే గోడ బలం తగ్గుతుందన్నాడు నాన్న. ఆమె మళ్లీ అడగలేదు. ఎవరిచేతో విజయనగరం నుంచి ఒక అద్దం పెంకు తెప్పించి, కప్పులో ఒక మామూలు పెంకు తీయించి అక్కడ పెట్టించింది. వేపాకు పొగ వేసింది. సున్నంలో రవ్వంత నీలిమందు కలిపి, ఆరిన పూత మీదే మళ్లీ మళ్లీ వేసింది. పెంకులోంచి పడే ఎండ ఎదురుగోడకి తగిలి గదంతా పరుచుకునేలా ఆ గోడ ఒక్కటీ ఖాళీగా ఉంచింది. ఎలా తోచిందని అడిగాను. "ఉప్పు కుప్ప పక్కన నిలబడి సూడు. నీడలో ఉన్నా మొకం తెల్లగా కనపడతాది" అంది. నౌపడ ఉప్పుమళ్లలో చూసిందన్నమాట. ఆ పెళ్లి వల్ల అత్తకి దక్కిన లాభం బహుశా అదొక్కటే. మందంగా ఉన్న మట్టిగోడలో గూళ్లు తొలిచి, రైలుపెట్టెలో చూసినట్టు మడిచి పెట్టుకునే చెక్కబల్ల ఒకటి గోడకి బిగించింది. నేను నా పుస్తకాలు పట్టుకుని అక్కడికే చేరిపోయాను. ఇంట్లో పగలు దీపం లేకుండా చదువుకోగలిగే గది అదొక్కటే మరి.

ఆ సంగతి నేనొక్కదాన్నే కనిపెట్టి ఉంటే బాగుండేది. మరుసటి వేసవిలో బాబాయికి పెళ్లయింది. కొత్త దంపతులకి గది కావాలి. ఇంట్లో ఉన్న గదుల్లో బాగున్నది ఏదంటే అందరి వేళ్లూ నార గది వైపే చూపించాయి. "వదినకేటి, ఎక్కడైనా సర్దుకుంటాది" అంది మా అమ్మ. సర్దుకుంటాది! ఈ మాట మీద నాకు ఇప్పటికీ కసి. సర్దేదీ ఆమే, సర్దుకునేదీ ఆమేనా? అత్త ట్రంకుపెట్టె నూతి పక్క వసారాలోకి వచ్చింది. పడమటెండ, వానొస్తే జల్లు, అంట్లు తోమే నీళ్లు, అన్నీ అక్కడే. ఆమె తాటాకు తడికలు కట్టించింది. వాటిమీదికి శంఖుపువ్వు తీగ పాకించింది. నేల కాస్త వాలుగా మెత్తించి నీళ్లు నిలవకుండా చేసింది. ఎండాకాలంలో మధ్యాహ్నాలు తడికల మీద నీళ్లు చల్లితే, ఆ నీలం పూల మధ్య నుంచి వచ్చే గాలి తడిమట్టి వాసనతో ఒంటికి తగిలేది. అంత చల్లని చోటు రాజాం మొత్తంలో లేదని నాన్న అనేవాడు. అంటూ అంటూ ముందు మధ్యాహ్నం నిద్రకి వచ్చాడు. తర్వాత పడక్కుర్చీ వచ్చింది, దాని వెనకే ట్రాన్సిస్టరూ, చీట్లపేక స్నేహితులూ వచ్చారు. మగవాళ్లు కూర్చున్న చోట ఆడమనిషి పడుకోలేదు కదా. ఎవరూ పొమ్మనలేదు. అత్తే పెట్టె ఎత్తుకుంది.

ఈసారి ఆమెకి మిగిలింది పాడుపడ్డ ధాన్యం కొట్టు. వంగి దూరాలి. లోపల ఎలుకలు, మూలన రెండు ఊక బస్తాలు. నార ఏజెంటు ఒకాయన కలకత్తా నుంచి సీజన్లో వచ్చేవాడు. ఆయన వసారాలో కూర్చుని తడికల్ని మెచ్చుకుని, ఇదంతా ఎవరు చేశారని నాన్నని అడిగింది ఆ రోజుల్లోనే. మజ్జిగ గ్లాసులు పట్టుకుని నేనూ అత్తా గుమ్మంలోనే ఉన్నాం. నాన్న కాలు మీద కాలు వేసుకుని, "నేనే దగ్గరుండి చేయించాను" అన్నాడు. నేను అత్త మొహం చూశాను. ఆమె నా చేతిలోంచి పళ్లెం తీసుకుని, వాళ్లకి మజ్జిగ ఇచ్చి వచ్చింది. అంతే.

ధాన్యం కొట్టు కోసం అత్త పడ్డ కష్టం మిగతా రెండింటికీ కలిపి కూడా పడలేదు. ఈసారి ఎవరినీ అడక్కుండా తనే గునపం పట్టుకుని గోడకి కిటికీ తొలిచింది. విరిగిపోయిన ఎడ్లబండి చక్రం నుంచి ఆకులు, అంటే నడిమి కర్రలు, తీసి ఊచలుగా బిగించింది. సున్నం మెత్తిన గోడల్ని గుండ్రాయితో రుద్ది రుద్ది గుడ్డు పెంకులా నునుపు తేల్చింది. పాత చీరలతో కుట్టిన బొంత పరిచింది. సాయంత్రం ఆ చక్రం ఆకుల నీడలు బొంత మీద విసనకర్రలాగా విచ్చుకునేవి. ఇప్పుడు నేను లక్షణమైన ఇళ్లు చాలా చేశాను గాని, ఆ గది లాంటిది ఒక్కటీ చేయలేకపోయాను. ఇది వినయం కోసం అంటున్న మాట కాదు, ఒళ్లు మండి అంటున్నది.

మీరు ఊహించే ఉంటారు. ఏజెంటుగారు మళ్లీ వస్తున్నారని కబురొచ్చింది. ఆయన్ని హోటల్లో కాకుండా ఇంట్లోనే దింపుకుంటే మర్యాదగా ఉంటుందని నాన్నకి తోచింది. ఏ గదిలో అన్న ప్రశ్నే లేదు. ఆ మాట అత్తకి చెప్పడానికి నాన్నకి మొహం చెల్లక అమ్మని పంపించాడు. అమ్మ తలుపు దగ్గర నిలబడి గోడల నునుపుని వేలితో రాస్తూ నసుగుతూ చెప్పింది. అత్త సరేనంది. అంత సులువుగా ఒప్పుకున్నందుకు నాకు ఆమె మీదే పట్టరాని కోపం వచ్చింది.

మర్నాడు ఆదివారం. నాన్న వీధి వైపు కొట్లోకి వెళ్లగానే అత్త కొంగు బిగించి నిచ్చెన వేసింది. చక్రం ఆకులు ఒక్కొక్కటీ ఊడబెరికింది. కిటికీ తొలిచినప్పుడు వచ్చిన ఇటుకల్ని పెరట్లోంచి మోసుకొచ్చి, మట్టి కలిపి, ఆ కంతని పూడ్చేసింది. గుడ్డు పెంకులా మెరిసే గోడల మీద పేడమట్టి కలిపిన బురద అరచేతులతో పులిమింది. నేను ఏడుస్తూ ఆమె చెయ్యి పట్టుకున్నాను. "ఏడవకే గుంటా. ఆ బొంత మడత పెట్టు, మట్టి పడతాది" అంది. ఆమె కళ్లల్లో నీళ్లు లేవు. ఆఖరికి గొడ్లసావిడి నుంచి రెండు ఊక బస్తాలు ఈడ్చుకొచ్చి, మొదట అవి ఎక్కడుండేవో సరిగ్గా ఆ మూలనే పెట్టింది. అప్పుడు మాత్రం ఏడుపు మధ్యలో నాకు నవ్వొచ్చింది.

నాన్న భోజనానికి వచ్చి చూశాడు. చీకటి కొట్టు, బురద గోడలు, మధ్యలో చేతులు కడుక్కుంటూ అత్త.

"ఏటప్పా ఇది? రేపు ఆ మనిషొస్తాడు కదా."

"నువ్వు నాకిచ్చిన గది ఇలాగే ఉన్నాదిరా తమ్ముడూ. ఇచ్చింది ఇచ్చినట్టు తీసుకో. నాను సేసుకున్నది నాది."

ఇల్లు ఎవరిదనుకుంటున్నావని నాన్న అరిచాడు. కొట్లో గుమస్తాలకి కూడా వినపడేటట్టు అరిచాడు. అత్త గొంతు పెంచలేదు.

"ఇల్లు నీదే. కాదన్నానేటి? మేస్త్రిని పిలు. దగ్గరుండి సేయించు."

ఆ తర్వాత నాన్న అన్న మాటలు రాయను. తిండి పెట్టినవాళ్లు తిండి గుర్తుచేస్తూ అనే మాటలు ఏ ఇంట్లోనైనా ఒకటే. అమ్మ ఏడ్చింది. నార గదిలోంచి పిన్ని తలుపు ఓరగా తీసి చూసి మళ్లీ వేసుకుంది. ఆ మధ్యాహ్నమే అత్త తన పెట్టెతో బస్సెక్కి ఆమదాలవలస వెళ్లిపోయింది. అక్కడ ఆమె చిన్ననాటి స్నేహితురాలు ఒకావిడ కుట్టుమిషను పెట్టుకుని రవికలు కుట్టేది. ఏజెంటుగారు వచ్చారు. మేస్త్రి వచ్చి ఆ ధాన్యం కొట్టుని చూసి, ఎలా చేయాలో చెప్పండి బాబూ అంటే నాన్న అతన్ని వెనక్కి పంపించేశాడు. ఏజెంటుగారిని వసారాలో పడుకోబెట్టారు. తడికలకి నీళ్లు చల్లేవాళ్లు లేక వసారా ఉడికిపోయింది. రాత్రంతా దోమలు కొట్టుకుంటూ గడిపి ఆయన మర్నాడే హోటలు చూసుకున్నాడు. నాన్న ఆ తర్వాత చాలా ఏళ్లపాటు, ఇంట్లో ఏ తలుపు కిర్రుమన్నా, అది మా అప్ప శాపమనేవాడు. తన తప్పని ఒక్కసారీ అనలేదు. పోయేవరకూ అనలేదు.

ఎస్సెల్సీ పరీక్షలయ్యాక, ఇంట్లో పోట్లాడి నేను ఆమదాలవలస వెళ్లాను. స్టేషను వెనక పెంకుటిల్లు, దాని పెరటి వైపు అత్త అద్దెకి ఉంటున్న గది. దారి పొడుగునా ఊహించుకుంటూ వెళ్లాను. ఈపాటికి ఎన్ని గూళ్లు తొలిచి ఉంటుందో, ఏ తీగ పాకించి ఉంటుందో అని. వెళ్లి చూస్తే ఏమీ లేదు. పెచ్చులూడిన గోడలు, చాప, ఆ ట్రంకుపెట్టె. నాకు దుఃఖం ముంచుకొచ్చింది. ఈ మనిషిని మావాళ్లు ఇలా చేసేశారా అనుకున్నాను. అత్త నన్ను లోపలికి లాగి తలుపు మూసి చూపించింది. లోపలివైపు, కొత్తగా, చెయ్యంత పొడుగు ఇనప గడియ. కమ్మరి చేత ప్రత్యేకంగా చేయించుకున్నది.

"ముందు ఇది పెట్టించినాను. గోడలదేటి, నెమ్మదిగా సేసుకుంటాను. ఇప్పుడు తొందర లేదు" అని, ఒకసారి గడియ వేసి, తీసి, మళ్లీ వేసింది.

నెమ్మదిగానే చేసుకుంది. ఎలా చేసుకుందన్నది నేను చెప్పను. ఆ గది ఆమెది.

నా వృత్తిలో నేను నేర్చుకున్నది అక్కడే. ఇల్లు చేయమని ఎవరు వచ్చినా, రంగుల మాటెత్తకముందే, ఈ ఇంట్లో ఆడవాళ్లకి లోపల గడియ ఉన్న గది ఏది అని అడుగుతాను. కొందరు నవ్వుతారు. కొందరు వంటగది చూపిస్తారు. ఒకాయన, మా అమ్మ ఎక్కడైనా సర్దుకుంటుందండీ అన్నాడు. ఆయన కాగితాలు ఆయన చేతిలోనే పెట్టి పంపించేశాను. మేడమ్‌కి కోపం ఎక్కువని ఊళ్లో పేరుంది. ఉంటే ఉండనీ. ఇదంతా జరిగి అరవై ఏళ్లు కావస్తోంది. కాలం రాజాంలో ఆ ఇంటినీ, నార వాసననీ, నాన్ననీ, అమ్మనీ, చివరికి అత్తనీ తీసుకుపోయింది. ఈ కోపాన్ని మాత్రం నా దగ్గరే వదిలేసింది. దానికి పనికిరాలేదేమో, నాకు రోజూ పనికొస్తోంది.